క్యూ మెసేజ్‌లను బ్యాచ్‌గా రాయాలంటే లిస్ట్ పెట్టాలా, మ్యాప్ పెట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీది బెంగళూరులో ఒక డెలివరీ స్టార్టప్. రైడర్ల ఫోన్ల నుంచి ఆర్డర్ స్టేటస్ మెసేజ్‌లు ఎస్‌క్యూఎస్ (అమెజాన్ మెసేజ్ క్యూ సర్వీస్) స్టాండర్డ్ క్యూలో పడుతున్నాయి. జావా కన్స్యూమర్ (క్యూ నుంచి మెసేజ్‌లు తీసుకునే ప్రోగ్రామ్) వాటిని ఒక్కొక్కటిగా తీసి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రాస్తుంటే రాత్రి భోజనాల వేళకి క్యూ పేరుకుపోతోంది. అందుకని 500 చొప్పున బ్యాచ్ కట్టారు. ఇప్పుడు ఒక్క మెసేజ్ తేడాగా ఉన్నా 500కి 500 వెనక్కి వస్తున్నాయి. లీడ్ మామూలు లిస్ట్ చాలంటున్నారు, పక్క సీటాయన ఆర్డర్ ఐడీ మీద మ్యాప్ (కీ ఇస్తే దానికి కట్టిన వాల్యూ ఇచ్చేది) కట్టమంటున్నారు. ఎవరి మాట వినాలి?

సూటిగా చెప్పాలంటే: వచ్చిన వరుసలో ఒక లిస్ట్, దాని పక్కనే అంతే పొడవున్న ఫలితాల అర్రే, ఆర్డర్ ఐడీ నుంచి లిస్ట్‌లోని స్థానాలకు ఒక మ్యాప్. మూడూ కావాలి. మ్యాప్‌లో మెసేజ్‌లు పెట్టకండి, ఇండెక్స్ నంబర్లే పెట్టండి.

లిస్టా మ్యాపా అన్నది తేలాక కూడా ఒక సంగతి తేలకుండా ఉండిపోతుంది. పాసయ్యేదీ ఫెయిలయ్యేదీ మెసేజ్, బ్యాచ్ కాదు. బ్యాచ్ షేర్ ఆటో లాంటిది. ఎక్కినవాళ్లు ఛార్జీ పంచుకుంటారు, దిగే చోటు మాత్రం ఎవరిది వాళ్లదే. మీ బ్యాచ్ క్లాసులో "స్టేటస్" అని ఒకే ఒక్క ఫీల్డ్ ఉంటే మీ బాధ మొదలైంది అక్కడే. దాన్ని తీసేసి ఫలితాన్ని మెసేజ్ మెసేజ్‌కీ విడిగా పెట్టండి. కింద నేను రాసేదంతా ఆ ఒక్క మార్పు నుంచి వచ్చేదే.

మ్యాప్ ఒక్కటే పెడితే ఏమవుతుంది

దీన్ని ముందు చెప్పడానికి కారణం, ఇది టెస్టుల్లో దొరకదు. నేనూ ఈ ఊళ్లోనే చాలా ఏళ్లుగా ఆర్డర్లు, పార్సిళ్ల సిస్టమ్స్ మీదే పని చేస్తున్నాను. ఒక టీమ్ కోడ్ రివ్యూకి పిలిస్తే వెళ్లాను. వాళ్లు ఆర్డర్ ఐడీ కీగా, మెసేజ్ వాల్యూగా మ్యాప్ కట్టారు. ఒకే ఆర్డర్‌కి బ్యాచ్‌లో రెండు మెసేజ్‌లుంటే చివరిది నిలుస్తుంది, రాతలు తగ్గుతాయి. ఆలోచన బాగానే ఉంది.

జరిగింది ఇదీ. "దారిలో ఉన్నాడు" అన్న మెసేజ్‌ని "డెలివరీ అయింది" అన్నది మ్యాప్‌లో కప్పేసింది. డేటాబేస్‌లో సరిగ్గానే రాశారు. తర్వాత మ్యాప్‌లో మిగిలిన మెసేజ్‌లను క్యూ నుంచి డిలీట్ చేశారు. కప్పబడిపోయిన "దారిలో" మెసేజ్‌కి ఉన్న రిసీట్ హ్యాండిల్ (డిలీట్ చేయాలంటే చూపాల్సిన రసీదు) అప్పటికే పోయింది, కాబట్టి దాన్ని ఎవరూ డిలీట్ చేయలేదు. విజిబిలిటీ టైమౌట్, అంటే ఒకరు తీసుకున్న మెసేజ్‌ని క్యూ మిగతావాళ్లకి కనబడకుండా దాచే సమయం, డిఫాల్ట్‌గా 30 సెకన్లు. అది గడవగానే మెసేజ్ మళ్లీ ప్రత్యక్షం. ఈసారి బ్యాచ్‌లో ఆ ఆర్డర్‌కి అదొక్కటే ఉంది కాబట్టి దర్జాగా వెళ్లి "డెలివరీ అయింది" మీద "దారిలో ఉన్నాడు" అని రాసి కూర్చుంది. కస్టమర్ ఇంట్లో బిర్యానీ తింటున్నాడు, యాప్‌లో రైడర్ ఇంకా సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గరే ఉన్నాడు.

మామూలు రోజుల్లో ఇది బయటపడదు. ఒక ఆర్డర్ రెండు స్టేటస్‌ల మధ్య నిమిషాలు గడుస్తాయి, ఒకే బ్యాచ్‌లో రెండూ పడే అవకాశం తక్కువ. గట్టి వాన పడిన సాయంత్రం కథ మారుతుంది. ఫోన్‌కి నెట్‌వర్క్ పోతుంది, యాప్ స్టేటస్‌లన్నీ లోపల దాచుకుంటుంది, సిగ్నల్ రాగానే ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. జవాబు రాలేదనుకుని ఫోన్ అదే మళ్లీ పంపుతుంది కూడా. అంటే డూప్లికేట్లు, తారుమారు వరుస, ఒకే ఆర్డర్‌కి గుంపుగా మెసేజ్‌లు, మూడూ కలిసి సరిగ్గా లోడ్ ఎక్కువగా ఉన్న వేళే వస్తాయి. మీ డిజైన్ ఆ సాయంత్రానికి సరిపోవాలి.

స్థానాల మ్యాప్ పెడితే ఈ సమస్య పుట్టదు. ఆర్డర్‌కి 3, 17, 204 అని స్థానాలుంటాయి. 204లో ఉన్నదాన్ని రాస్తారు, 3, 17కి "పాతబడింది" అని ఫలితం వేస్తారు, మూడింటి హ్యాండిళ్లూ లిస్ట్‌లో భద్రంగానే ఉంటాయి కాబట్టి మూడింటినీ డిలీట్ చేస్తారు. జావాలో అయితే లింక్డ్‌హ్యాష్‌మ్యాప్ వాడండి, కీలు వచ్చిన వరుసలోనే తిరుగుతాయి, లాగ్ చదివేటప్పుడు ప్రాణం సుఖంగా ఉంటుంది.

లిస్ట్‌లో ఏముండాలి

ఎస్‌డీకే (అమెజాన్ ఇచ్చే కోడ్ లైబ్రరీ) ఇచ్చిన మెసేజ్ ఆబ్జెక్ట్‌ని నేరుగా లిస్ట్‌లో పడేయకండి. మీదంటూ ఒక చిన్న ఎన్వలప్ క్లాస్ రాసుకోండి. నేను అందులో పెట్టేవి: ముడి పేలోడ్ (మెసేజ్‌లోని అసలు డేటా) ఉన్నదున్నట్టు, మెసేజ్ ఐడీ, రిసీట్ హ్యాండిల్, మన చేతికి అందిన సమయం, ఇప్పటికి ఎన్నోసారి వచ్చింది, ఆర్డర్ ఐడీ, ఫోన్ వేసిన ఈవెంట్ వరుస సంఖ్య, సైజు బైట్లలో.

ముడి పేలోడ్ ఎందుకంటే, పార్స్ కాని (కోడ్ చదివి విడదీయలేని) మెసేజ్‌కి కూడా ఎన్వలప్ ఉండాలి. పార్స్ అయినవాటినే లిస్ట్‌లోకి తీసుకునే కోడ్ చాలాచోట్ల చూశాను. మిగతావి ఎర్రర్ లాగ్‌లో ఒక లైనై పోతాయి, వాటి హ్యాండిల్ ఎవరి దగ్గరా ఉండదు, అవి క్యూలో తిరుగుతూనే ఉంటాయి. పైగా రేపు దాన్ని సరిచేసి మళ్లీ పంపాలంటే ఒరిజినల్ బైట్లు కావాలి, మీరు పార్స్ చేసి మళ్లీ జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్)గా మార్చిన కాపీ కాదు.

రిసీట్ హ్యాండిల్ విషయంలో ఒక మెలిక ఉంది. అది మెసేజ్‌ది కాదు, ఆ మెసేజ్‌ని ఆ ఒక్కసారి తీసుకున్నందుకు ఇచ్చిన రసీదు. అదే మెసేజ్ మళ్లీ వస్తే కొత్త హ్యాండిల్ వస్తుంది, డిలీట్ చేయడానికి తాజాది వాడాలి. మెసేజ్ ఐడీ ఒకటే అయి హ్యాండిళ్లు రెండు మీ దగ్గరుంటే కొత్తదాన్నే ఉంచండి. ఆర్డర్ ఒకటే అయి మెసేజ్ ఐడీలు వేరైతే అవి వేర్వేరు మెసేజ్‌లు, అన్నింటి హ్యాండిళ్లూ కావాలి. ఈ రెంటికీ తేడా కోడ్‌లో స్పష్టంగా కనబడాలి.

చేతికి అందిన సమయానికి గోడ గడియారం వాడకండి, జావాలో నానోటైమ్ లాంటి వెనక్కి వెళ్లని గడియారం వాడండి. దాని అవసరం కాసేపట్లో వస్తుంది.

ఫలితాల అర్రే: అవును, కాదు అని రెండే పెడితే చాలదు

ఇక్కడ చాలామంది బూలియన్ పెట్టి ఆపేస్తారు. నా లెక్కలో కనీసం ఐదు కావాలి: ఇంకా తేలలేదు, రాసేశాం, రాయనక్కర్లేదు, తర్వాత మళ్లీ, ఎప్పటికీ కుదరదు.

"రాయనక్కర్లేదు" అంటే డూప్లికేట్ లేదా పాతబడింది. అది ఫెయిల్యూర్ కాదు, డిలీట్ చేసేయాలి. "తర్వాత మళ్లీ" అంటే డేటాబేస్ డెడ్‌లాక్ (ఇద్దరు ఒకరి లాక్ కోసం ఒకరు ఆగిపోవడం), కనెక్షన్ తెగడం వంటివి, మెసేజ్ తప్పేమీ లేదు. దాన్ని క్యూలోనే వదిలేయాలి. "ఎప్పటికీ కుదరదు" అంటే వెయ్యిసార్లు ప్రయత్నించినా అదే ఎర్రర్ వచ్చేది. దాన్ని మీ సొంత తిరస్కరణ టేబుల్‌లోనో వేరే క్యూలోనో కారణంతో సహా రాసి, ఆ రాత ఖాయమయ్యాక అసలు క్యూ నుంచి వెంటనే డిలీట్ చేయండి. బ్యాచ్ ముగిసేసరికి అర్రేలో "ఇంకా తేలలేదు" ఒక్కటి కూడా మిగలకూడదు. మిగిలితే కోడ్ అక్కడే గట్టిగా అరవాలి.

"ఎప్పటికీ కుదరదు"ని విడదీయకపోతే వచ్చే నష్టం మీరు ఇప్పటికే పడుతున్నారేమో చూసుకోండి. క్యూకి డెడ్ లెటర్ పాలసీ (ఇన్నిసార్లు వచ్చినా పని అవ్వకపోతే వేరే క్యూలోకి తోసేయమని) పెట్టి, గరిష్ఠంగా 3 సార్లు అని ఇచ్చారనుకుందాం. బ్యాచ్ మొత్తాన్ని ఫెయిల్ చేసినప్పుడల్లా చెడ్డ మెసేజ్‌తో పాటు పక్కనున్న 499 అమాయకుల కౌంట్ కూడా పెరుగుతుంది. రద్దీలో అవి ఇంకో చెడ్డదాని పక్కన పడితే మళ్లీ పెరుగుతుంది. చివరికి డెడ్ లెటర్ క్యూలో ఏ తప్పూ లేని మెసేజ్‌లు కుప్పగా పడతాయి. ఆ క్యూ తెరిచి చూసి "వీటిలో తప్పేముంది?" అని తల గోక్కున్న ఇంజనీర్లు నాకు చాలామంది తెలుసు.

కన్స్యూమర్‌ని లాంబ్డాలో (మన కోడ్‌ని అమెజానే నడిపిపెట్టే సర్వీస్) నడిపేవాళ్లకి: ఫెయిలైన మెసేజ్‌ల ఐడీలు మాత్రమే తిరిగి ఇచ్చే సదుపాయం 2021 నుంచి ఉంది. ఈవెంట్ సోర్స్ సెట్టింగ్‌లో దాన్ని ఆన్ చేయాలి, కోడ్‌లో లిస్ట్ తిరిగి ఇస్తే సరిపోదు. ఆ లిస్ట్ మీ ఫలితాల అర్రేని ఒకసారి ఫిల్టర్ చేస్తే వచ్చేస్తుంది.

డిలీట్ కూడా బ్యాచ్‌లోనే చేస్తారు కదా, ఒక కాల్‌కి 10 మాత్రమే. ఆ కాల్ 200 (సక్సెస్ అన్న కోడ్) అని జవాబిచ్చినా లోపల కొన్ని ఫెయిలై ఉండొచ్చు. జవాబులో సక్సెస్ లిస్ట్, ఫెయిల్ లిస్ట్ విడివిడిగా వస్తాయి. మీరు కాల్‌లో ఇచ్చే ఎంట్రీ ఐడీగా లిస్ట్‌లోని స్థానాన్నే ఇవ్వండి, వెనక్కి వచ్చినప్పుడు వెతుక్కునే పని ఉండదు. చిన్న ఉపాయం, కానీ కోడ్ చాలా శుభ్రపడుతుంది.

డేటాబేస్ వైపు వెళ్లేటప్పుడు

పోస్ట్‌గ్రెస్‌కి 500 రోలు ఒకే ఇన్సర్ట్‌లో, ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్‌తో, అంటే రో ఇప్పటికే ఉంటే దాన్నే మార్చమని, పంపుతున్నారనుకుంటాను (ఇది 2016 జనవరిలో వచ్చిన 9.5 నుంచి ఉంది). లిస్ట్‌ని ఉన్నదున్నట్టు పంపితే ఒక విచిత్రం జరుగుతుంది. ఒకే ఆర్డర్ ఐడీ రెండుసార్లు ఉంటే, ఒకే కమాండ్‌లో అదే రోను రెండోసారి మార్చలేనని ఎర్రర్ కోడ్ 21000తో మొత్తం స్టేట్‌మెంట్ పడిపోతుంది. మీ బ్యాచ్‌లు వెనక్కి రావడానికి కారణం "చెడ్డ మెసేజ్" అని మీరనుకుంటున్నారు. కొన్నిసార్లు ఇదే అయ్యుండొచ్చు, లాగ్‌లో ఆ కోడ్ వెతకండి. రెండు మెసేజ్‌లూ విడివిడిగా చూస్తే మంచివే, కలిసి ప్రయాణించడమే తప్పయింది. స్థానాల మ్యాప్ నుంచి ఒక్కో ఆర్డర్‌కి ఒక్కో విజేతను తీసి పంపితే ఇది రాదు.

విజేత ఎవరన్నది వచ్చిన వరుసను బట్టి కాదు, ఈవెంట్ వరుస సంఖ్యను బట్టి తేల్చాలి. స్టాండర్డ్ క్యూ వరుసకి హామీ ఇవ్వదు. అప్‌డేట్‌కి "కొత్త సంఖ్య టేబుల్‌లో ఉన్నదానికన్నా పెద్దదైతేనే" అన్న షరతు కూడా పెట్టండి. ఎందుకంటే మీ మ్యాప్‌కి ఈ బ్యాచ్ సంగతే తెలుసు, పక్క మెషీన్‌లోని కన్స్యూమర్ ఐదు సెకన్ల క్రితం ఏం రాసిందో తెలియదు. ఫోన్ గడియారాన్ని నమ్మకండి. రైడర్ల ఫోన్లలో టైమ్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆర్డర్‌కి 1, 2, 3 అని యాప్ వేసే సంఖ్య చాలు.

ఒక గట్టి హెచ్చరిక: ఇలా ఒక్కదాన్ని ఉంచి మిగతావి వదిలేయడం "ప్రస్తుత స్థితి" చెప్పే మెసేజ్‌లకే పనికొస్తుంది. వాలెట్‌లో 50 రూపాయలు వేయి, స్టాక్‌లో ఒకటి తగ్గించు లాంటి మెసేజ్‌లలో ప్రతిదీ లెక్కే. అక్కడ మ్యాప్‌లోని స్థానాలన్నింటినీ వరుసగా నడవాలి, ఒక్కటీ వదలకూడదు. ఒకే క్యూలో రెండు రకాలూ కలిపి పంపే అలవాటుంటే ముందు వాటిని విడగొట్టండి.

అలాగే వరుస ముఖ్యమైన మెసేజ్‌లలో ఒక ఆర్డర్‌కి 17 ఫెయిలైతే 204ని ప్రయత్నించకూడదు, దానికి కూడా "తర్వాత మళ్లీ" వేయాలి. ఫీఫో క్యూ (వచ్చిన వరుసలోనే ఇచ్చే రకం) వాడితే ఇది మరీ ముఖ్యం. ఒక గ్రూప్‌లోని మెసేజ్ ఎవరి చేతిలోనైనా ఉన్నంతసేపు ఆ గ్రూప్‌లోని తర్వాతివి ఎవరికీ ఇవ్వకుండా ఎస్‌క్యూఎస్ కాపాడుతుంది. కానీ ఒకే బ్యాచ్‌లో మీ చేతికి వచ్చేసిన వాటి వరుసను కాపాడాల్సింది మీరే.

పంపేముందు ఆర్డర్ ఐడీ మీద సార్ట్ చేయండి. రెండు కన్స్యూమర్లు ఒకే ఆర్డర్లను వేర్వేరు వరుసల్లో లాక్ చేయబోతే డెడ్‌లాక్ వస్తుంది. ఇద్దరూ ఒకే వరుసలో వెళ్తే ఒకరు ఆగుతారంతే. 500కి సార్ట్ ఖర్చు లెక్కలోకి రాదు.

ఇంకొకటి, డేటాని రోల రూపంలో కాక కాలమ్‌ల రూపంలో పంపడం మంచిది. పోస్ట్‌గ్రెస్ ప్రోటోకాల్‌లో ఒక స్టేట్‌మెంట్‌కి గరిష్ఠంగా 65,535 పారామీటర్లు. 14 కాలమ్‌లు, 500 రోలు అంటే 7,000, ఫరవాలేదు. రేపు ఎవరో సెట్టింగ్‌లో 5,000 చేస్తారు, 70,000 అవుతుంది, రాత్రిపూట మీ ఫోన్ మోగుతుంది. ఆర్డర్ ఐడీలన్నీ ఒక అర్రే, స్టేటస్‌లన్నీ ఒక అర్రే, ఇలా కాలమ్‌కో అర్రే పంపి అక్కడ అన్‌నెస్ట్ చేస్తే (అర్రేలని మళ్లీ రోలుగా విప్పితే) పారామీటర్లు 14 మాత్రమే, రోలు ఎన్నైనా సరే. స్టేట్‌మెంట్ టెక్స్ట్ కూడా మారదు.

ఒక్క చెడ్డ రో కోసం ఏం చేయాలి

పోస్ట్‌గ్రెస్ ట్రాన్సాక్షన్‌లో ఒక ఎర్రర్ వచ్చిందంటే రోల్‌బ్యాక్ (రద్దు) అయ్యేదాకా తర్వాతి కమాండ్ ఏదీ తీసుకోదు. కాబట్టి లూప్‌లో ఎర్రర్ పట్టుకుని "కంటిన్యూ" అనే పద్ధతి పనికిరాదు. రోకో సేవ్‌పాయింట్ (ఎర్రర్ వస్తే అక్కడిదాకా మాత్రమే వెనక్కి వెళ్లే గుర్తు) పెడితే కుదురుతుంది గానీ బ్యాచ్ కట్టిన లాభమంతా దానికే పోతుంది.

నేను చేసేది సగాలు చేయడం. 512 రోలు పంపు, ఫెయిలైతే 256 చొప్పున రెండు, ఫెయిలైన సగాన్ని మళ్లీ రెండు. ఒకే ఒక్క చెడ్డది ఉంటే 19 ప్రయత్నాల్లో అది ఒంటరిగా దొరుకుతుంది, మిగతా 511 రాయబడి ఉంటాయి. ఇక్కడ ఇండెక్స్‌ల డిజైన్ మళ్లీ అక్కరకొస్తుంది. మెసేజ్‌లను కాపీ చేయనక్కర్లేదు, "ఇక్కడి నుంచి ఇక్కడి దాకా" అని రెండు అంకెలు చాలు.

సగాలు చేసేముందు ఎర్రర్ కోడ్ చూడటం తప్పనిసరి. 22తో మొదలైతే డేటా తప్పు, 23తో మొదలైతే కన్‌స్ట్రెయింట్, వీటికి సగాలు చేయండి. 40001, 40పీ01 అంటే సీరియలైజేషన్, డెడ్‌లాక్. అదే బ్యాచ్‌ని కాస్త ఆగి మళ్లీ పంపండి. 08, 53, 57తో మొదలైతే కనెక్షన్, వనరులు, సర్వర్ ఆగడం. వీటికి సగాలు మొదలెడితే అసలే నేల మీదున్న డేటాబేస్‌ని కాళ్లతో తొక్కినట్టే. అన్నింటికీ "తర్వాత మళ్లీ" వేసి, కొత్తవి తీసుకోవడం ఆపి, కాసేపు నిద్రపోవాలి.

చెడ్డ మెసేజ్‌లలో ఎక్కువ శాతం డేటాబేస్‌ దాకా వెళ్లకుండానే పట్టుకోవచ్చు. తప్పనిసరి ఫీల్డ్ లేకపోవడం, పొడవు ఎక్కువవడం లాంటివి అందరూ చూస్తారు. చాలామంది చూడనిది సున్నా క్యారెక్టర్ (అంకె 0 కాదు, కంటికి కనబడని నల్ క్యారెక్టర్). జేసన్ దాన్ని ఒప్పుకుంటుంది, జావా స్ట్రింగ్ ఒప్పుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్ కాలమ్ మాత్రం ససేమిరా అంటుంది. కస్టమర్ నోట్ ఫీల్డ్‌లో ఎక్కడి నుంచో అతికించిన టెక్స్ట్‌తో అది వస్తుంది. దాన్ని తీసేయాలా, తిరస్కరించాలా అన్నది మీ ఇష్టం, చూడటం మాత్రం మానకండి.

500 అన్న అంకె గురించి

ఎస్‌క్యూఎస్ ఒక్క కాల్‌కి 10 కన్నా ఎక్కువ ఇవ్వదు. 500 కావాలంటే కనీసం 50 కాల్స్. క్యూ ఖాళీగా ఉన్న మధ్యాహ్నం పూట అది నిండటానికి ఎంతసేపు పడుతుంది? లాంగ్ పోలింగ్ (మెసేజ్ వచ్చేదాకా కాల్ ఎదురుచూడటం) ఒక కాల్‌కి 20 సెకన్ల దాకా ఆగగలదు. మొదట తీసిన 10 మెసేజ్‌ల గడియారం మాత్రం తీసిన క్షణం నుంచే పరిగెడుతోంది. మీరు 25 సెకన్లు నింపుతూ కూర్చుంటే వాటికి మిగిలింది 5 సెకన్లు. రాసేలోపు అవి ఇంకో కన్స్యూమర్ చేతిలో పడతాయి.

అందుకే బ్యాచ్ మూయడానికి మూడు గీతలు పెట్టండి: సంఖ్య, మొత్తం బైట్లు, లోపలున్న అతి పాత మెసేజ్ వయసు. ఏది ముందు తగిలితే అప్పుడు మూసేయాలి. ఎన్వలప్‌లో అందిన సమయం, సైజు పెట్టమన్నది ఇందుకే. ఆర్డర్ స్టేటస్‌కి నేనైతే వయసు గీత అర సెకను దగ్గర పెడతాను, అవతల మనిషి స్క్రీన్ చూస్తూ కూర్చుంటాడు కదా. రాత్రి రిపోర్టుల క్యూకి ఎన్ని సెకన్లైనా ఫరవాలేదు. విజిబిలిటీ టైమౌట్ మాత్రం మీ అతి నిదానమైన బ్యాచ్ సమయానికి చాలా రెట్లు ఉండాలి. 12 గంటల దాకా పెట్టుకోవచ్చు, కానీ కన్స్యూమర్ చచ్చిపోతే అంతసేపూ ఆ మెసేజ్‌లు ఎవరికీ కనబడవు, అది గుర్తుంచుకోండి.

అసలు 500 అవసరమా? బ్యాచ్ వల్ల తగ్గేది కమిట్ (రాతని ఖాయం చేయడం), నెట్‌వర్క్ రాకపోకల స్థిరమైన ఖర్చు. 50 మందికి పంచితే అందులో 98 శాతం పోయినట్టే. 500కి వెళ్తే ఇంకా తగ్గేది 1.8 శాతమే. దానికి బదులుగా లాక్‌లు ఎక్కువసేపు పట్టుకుంటారు, ఒక ఎర్రర్‌కి ఎక్కువ పని మళ్లీ చేస్తారు. నేను 100తో మొదలుపెట్టి కొలిచి చూస్తాను.

మెమరీలోని మధ్య క్యూ

తీసే థ్రెడ్లు, రాసే థ్రెడ్లు వేరుగా ఉంటే మధ్యలో లింక్డ్‌బ్లాకింగ్‌క్యూ పెడతారు అందరూ. సైజు ఇవ్వకుండా కడితే దాని పరిమితి 214 కోట్ల పైచిలుకు, అంటే పరిమితి లేనట్టే. డేటాబేస్ మందగించగానే మెమరీ నిండుతుంది, లోపల కూర్చున్న మెసేజ్‌ల టైమౌట్‌లు ఒక్కొక్కటే దాటిపోతాయి, అవే మళ్లీ వస్తాయి, అవీ లోపలికే. రెండు బ్యాచ్‌లకి సరిపడా పరిమితితో అర్రేబ్లాకింగ్‌క్యూ పెట్టండి. నిండితే తీసే థ్రెడ్ తనంతట తానే ఆగుతుంది. మెసేజ్‌లు ఉండాల్సింది ఎస్‌క్యూఎస్‌లో, మీ హీప్‌లో (ప్రోగ్రామ్ మెమరీలో) కాదు.

డ్రెయిన్‌టూ అనే మెథడ్ ఉన్నదంతా ఒకేసారి తీసుకుంటుంది, కానీ ఏమీ లేకపోతే ఆగదు. కాబట్టి టైమౌట్‌తో పోల్ చేసి ఒకటి తీసుకోండి, దొరికాక మిగతావాటికి డ్రెయిన్‌టూ పిలవండి. రింగ్ బఫర్లు, లాక్‌లు లేని క్యూలు అంటూ ఎవరైనా మొదలెడితే మర్యాదగా వినండి, మీకు అక్కర్లేదు. మీ నిదానం నానోసెకన్లలో లేదు.

డూప్లికేట్లు

బ్యాచ్ లోపలివి మ్యాప్ చూసుకుంటుంది. బ్యాచ్‌ల మధ్యవి డేటాబేస్ చూసుకోవాలి. స్థితి మెసేజ్‌లకైతే పైన చెప్పిన వరుస సంఖ్య షరతే చాలు. లెక్క మెసేజ్‌లకి ఈవెంట్ ఐడీ మీద యూనిక్ కీతో ఒక టేబుల్ పెట్టి, అసలు రాతతో పాటు అదే ట్రాన్సాక్షన్‌లో రాయాలి. రెడిస్‌లో (మెమరీలో నడిచే వేరే డేటా స్టోర్) "చూశాం" అని పెట్టుకుని తర్వాత డేటాబేస్‌లో రాస్తే, రెంటి మధ్య ప్రాసెస్ చచ్చిపోయిన రోజున మెసేజ్ మాయమవుతుంది. బ్లూమ్ ఫిల్టర్ (చూశామా లేదా అన్నది తక్కువ మెమరీతో అంచనాగా చెప్పేది) ఒక్కదాన్నే నమ్మడం మరీ ప్రమాదం. అది అప్పుడప్పుడు చూడనిదాన్ని కూడా చూశానంటుంది, మీరు మంచి మెసేజ్‌ని పారేస్తారు. ఫీఫో క్యూ డూప్లికేట్లు ఆపుతుందిగా అంటారేమో, ఆ కాపలా పంపేవైపు 5 నిమిషాల వరకే. నెట్‌వర్క్ లేని బేస్‌మెంట్ పార్కింగ్‌లో రైడర్ ఫోన్ అంతకన్నా ఎక్కువసేపే ఉంటుంది.

కాఫ్కా వాడేవాళ్లు చదివితే

కాఫ్కా ఇంకో రకం మెసేజ్ సిస్టమ్. అక్కడ మెసేజ్‌కో రసీదు ఉండదు, పార్టిషన్‌కి (టాపిక్‌లోని ఒక్కో మెసేజ్‌ల వరుసకి) ఒక ఆఫ్‌సెట్ (స్థానం నంబర్) మాత్రమే. కమిట్ చేసే అంకె ఇక ముందు చదవాల్సినది. 100 నుంచి 599 దాకా తీసుకుని 137 తప్ప అన్నీ రాసేసినా మీరు కమిట్ చేయగలిగేది 137. ఫలితాల అర్రే బదులు పార్టిషన్‌కో బిట్‌సెట్ (అయిందా లేదా అన్న గుర్తుల వరుస), మొదట్నుంచి తెగకుండా ఎక్కడిదాకా అయ్యాయో చెప్పే ఒక అంకె పెట్టుకుంటే సరిపోతుంది. 137 ఎప్పటికీ కుదరదంటే దాన్ని వేరే టాపిక్‌లో రాసి బిట్ వేసేయండి, లేకపోతే పార్టిషన్ మొత్తం దాని వెనకే నిలబడుతుంది. ఒక పోల్‌కి డిఫాల్ట్‌గా 500 రికార్డులు, రెండు పోల్‌ల మధ్య 5 నిమిషాలు దాటితే గ్రూప్ నుంచి గెంటేస్తుంది. సగాలు చేస్తూ ఉండిపోతే ఆ 5 నిమిషాలు ఇట్టే అయిపోతాయి. రాబిట్‌ఎంక్యూ అనే మరో క్యూ సిస్టమ్‌లో "ఇంతవరకూ అన్నీ" అని ఒకేసారి ఆక్ (పని అయిందన్న జవాబు) పంపే మల్టిపుల్ ఫ్లాగ్ ఉంది. మధ్యలో ఫెయిలైనవి కూడా అందులో ఆక్ అయిపోతాయి, ఫలితాలు చూడకుండా దాన్ని వాడొద్దు.

ఇక మీ పని. ముందు బ్యాచ్ స్టేటస్ తీసి ఫలితాల అర్రే పెట్టండి, మిగతావి ఒక్కొక్కటిగా చేసుకోవచ్చు. ఒక టెస్ట్ మాత్రం మొదటే రాయండి: ఒకే ఆర్డర్‌కి తారుమారు వరుసలో మూడు మెసేజ్‌లు, ఒక డూప్లికేట్, సున్నా క్యారెక్టర్ ఉన్నది ఒకటి, పార్స్ కానిది ఒకటి, మిగతావి మంచివి. డేటాబేస్ కమిట్ అయ్యాక, క్యూ డిలీట్ అవ్వకముందు ప్రాసెస్‌ని చంపేయండి. మళ్లీ లేపి అదే బ్యాచ్ నడపండి. టేబుల్‌లో ఒక్క రో కూడా మారకూడదు, క్యూ ఖాళీ అవ్వాలి, తిరస్కరణ టేబుల్‌లో సరిగ్గా రెండే ఉండాలి (సున్నా క్యారెక్టర్‌ని తిరస్కరించకుండా తీసేసే పద్ధతైతే ఒకటే).

మీ యాప్ పంపే మెసేజ్‌లో ఆర్డర్‌వారీ వరుస సంఖ్య ఇప్పటికే ఉందా? లేకపోతే కింద చెప్పండి, పాత వెర్షన్ యాప్‌లు వాడే రైడర్లు ఉండగానే దాన్ని ఎలా చేర్చాలో విడిగా రాస్తాను.